రెండు కెరూబుల నడుమ

నేను ఒక అద్దకపు అచ్చును. జానెడున్నర పొడవు, జానెడు వెడల్పు ఉన్న టేకు దిమ్మను. వెనకవైపు పట్టుకోవడానికి పిడి, ముందువైపు ఎదురెదురుగా కూర్చున్న రెండు రెక్కల ప్రాణులు. వాటిని కెరూబులంటారు. పెడనలో మా జాతి అచ్చులు వేలకొద్దీ ఉన్నాయి. మామిడిపిందెలు, నెమళ్ళు, తామరలు, ద్రాక్షతీగలు. వాటిలో ఏ ఒక్కటీ ఎవరి మనసూ కష్టపెట్టి ఉండదు. నేను పెట్టాను. ఒక పెద్దావిడ పదిమందిలో తల దించుకునేలా చేశాను. తర్వాత అంతా చక్కబడింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్పుకుంటున్నాను.

అచ్చును కాకముందు నేను బందరులో ఒక మేడకి దూలాన్ని. అక్కడ నా పని మోయడం ఒక్కటే. కింద ఎవరు పుట్టారో, ఎవరు పోట్లాడుకున్నారో నాకు పట్టేది కాదు. దూలాలకి మనుషుల మీద పెద్ద ఆసక్తి ఉండదు. ఆ మేడ పడగొట్టినప్పుడు పెడన నుంచి సోమలింగాచారి గారు వచ్చి, నన్ను వేలితో తట్టి చూసి, కొనుక్కుని బండి మీద తెచ్చుకున్నారు. ముక్కలుగా కోసి అటక మీద పెట్టారు. మూడేళ్ళు ఆరాను.

చారిగారిది తాతల నాటి నుంచీ అచ్చులు చెక్కే ఇల్లు. ఆయన ఉలి పట్టుకుంటే మాట్లాడరు. మాట్లాడాల్సి వస్తే ఉలి కింద పెట్టేస్తారు. ఊళ్ళో అద్దకం షెడ్ల వాళ్ళంతా ఆయన దగ్గరికే వస్తారు. ఆయన చెక్కిన అచ్చులో గీత తప్పిందని ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. దాన్ని గర్వమంటే గర్వమే.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున ఆ అరుగు మీదికి ఒక పెద్దావిడ వచ్చింది. సన్నగా, పొడుగ్గా, తెల్ల నూలుచీరలో. చేతిలో గొడుగు, ముక్కు మీద సీసా అడుగంత మందం కళ్ళద్దాలు. వచ్చినావిడ అరుగు అంచు ఎక్కడుందో గొడుగు కొనతో తడిమి చూసుకుని మరీ కూర్చుంది.

“వందనాలండీ చారిగారూ. నా పేరు హెప్సిబా. కొత్తలంకపాలెం బళ్ళో టీచరుగా చేసి రిటైరయ్యాను. అద్దకం నాంచారయ్య గారు మీ దగ్గరికి పంపారు. మా ఊళ్ళో కొత్త చర్చి కట్టుకున్నాం. దానికో తెర వేయించాలి. ఆ తెరకి అచ్చు మీరు చెక్కిపెట్టాలి.”

సంచీలోంచి ఒక కాగితం తీసి పరిచింది. చారిగారు ఉలి కింద పెట్టి దాన్ని దగ్గరికి లాక్కున్నారు.

“ఒళ్ళు సింహానిది, రెక్కలు గద్దవి, మొహం మనిషిది,” అన్నారు. “మేం రథాల మీద ఇలాంటివి చాలా చెక్కుతామండీ. మీకూ ఉన్నాయని తెలీదు.”

“అయితే సగం పని అయిపోయినట్టే,” అని ఆవిడ నవ్వింది. “వీటిని కెరూబులంటారు. పూర్వం ఇశ్రాయేలు వాళ్ళు ఎడారిలో దేవుడికి గుడారం వేసుకున్నప్పుడు దాని తెర మీద వీటినే నేయించారు. సొలొమోను రాజు మందిరం కట్టినప్పుడు గోడల నిండా, తలుపుల మీదా వీటినే చెక్కించాడు. అవి సరిగ్గా ఎలా ఉండేవో చూసినవాళ్ళెవరూ మిగల్లేదనుకోండి. ఆ చుట్టుపక్కల దేశాల్లో తవ్వకాల్లో దొరికిన దంతపు బొమ్మల్ని పుస్తకంలో చూసి నేనిలా గీసుకున్నాను. మా వాళ్ళని కెరూబంటే ఏమిట్రా అని అడగండి, క్యాలెండరు చూపిస్తారు. బూరెబుగ్గల పసిపాప, భుజాన పిచ్చుక రెక్కలు. ముప్ఫై ఏళ్ళ నుంచి ఆదివారం బళ్ళో పాఠం చెబుతున్నాను, ఇప్పటికీ ఆ పాపనే గీస్తారు. కావలికి పెట్టింది కెరూబుల్నండీ! అంత ముద్దొచ్చే పాపని చూసి ఎవరాగుతారు?”

చారిగారి మీసం కింద నవ్వు కదిలింది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, “కావలి సరే. మరి స్వామి ఎక్కడ?” అన్నారు.

“ఈ రెండింటి మధ్య.”

“మధ్యన ఏ రూపం చెక్కమంటారు?”

“ఏమీ చెక్కొద్దు.”

చారిగారు తలెత్తి చూశారు.

“ఆ చుట్టుపక్కల రాజ్యాల్లో ఇలాంటి రెక్కల ప్రాణుల మీద రాజు కూర్చునేవాడు. కొన్నిచోట్ల దేవుడి బొమ్మ నిలబడేది,” అంది టీచరుగారు. “ఇశ్రాయేలు వాళ్ళ మందిరంలో ప్రాణులున్నాయి, పీఠం ఉంది. పీఠం మీద మాత్రం ఏ బొమ్మా లేదు. ఆయన లేడని కాదు, ఆయన్ని చెక్కడం మనిషి తరం కాదని. రెండు కెరూబులూ రెక్కలు చాచి చూపించేది ఆ చోటునే. అందుకే అక్కడ చుక్క కూడా పడకూడదు, చారిగారూ. నాకు మిగతాదంతా ఒక ఎత్తు, ఆ ఖాళీ ఒక ఎత్తు.”

చారిగారు కాగితం మధ్యనున్న ఖాళీని వేలితో కొలుచుకున్నారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న అచ్చు చెక్కడానికి అవసరమైంది కాదు. “కావలి పెట్టారంటే ఎవరినో రానివ్వకూడదనే కదండీ. అలాంటి బొమ్మ గుళ్ళో ఎందుకు వేసుకోవడం?”

ఆవిడ గొడుగును ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది.

“మంచి మాట అడిగారు. మా తాతలు ఎన్నో వాకిళ్ళ ముందు నిలబడి అదిలింపులు తిన్నవాళ్ళు. కావలంటే మాకు ముందు భయమే. మొదట్లో నాకూ ఇవి నచ్చలేదు. దేవుడు మనుషుల్ని తోటలోంచి పంపేశాక, మళ్ళీ లోపలికి రాకుండా దారి కాయడానికి పెట్టింది వీటినేనని మా గ్రంథంలో ఉంది. తర్వాతెప్పుడో చదువుతుంటే తట్టింది. ఆ మందిరం గోడల మీద కెరూబుల పక్కన ఏం చెక్కారో తెలుసా? ఖర్జూరపు చెట్లు, విచ్చుకున్న పూలు. అంటే అది తోటేనండీ! పోగొట్టుకున్న తోటని గోడల మీద మళ్ళీ చెక్కుకున్నారు. తోట వాకిట్లో ఉన్న కావలే ఈ తెర మీదా ఉందంటే ఆ వాకిలి ఇక్కడేనని అర్థం. అంతకాలం తోట ఎటు పోయిందో తెలియకుండా తిరిగినవాళ్ళకి ఆ తెర చూస్తే ప్రాణం లేచొచ్చి ఉంటుంది. వాకిలి దొరికాక తెరిపించుకునే మార్గం ఎప్పటికైనా దొరుకుతుంది కదా. ఆ తర్వాత మా ప్రభువు ప్రాణం విడిచిన నాడు ఆ తెర నిలువునా చిరిగి దారి తెరుచుకుందని మా నమ్మకం. అందుకే నా తెర రెండు ముక్కలు. రెండు పక్కలకీ కట్టేసి ఉంచుతాం.”

ఆవిడ వెళ్ళిపోయాక చారిగారు అటకెక్కి నన్ను దించారు.

ఖాళీ అంటే అక్కడ పనేమీ ఉండదని మనుషులు అనుకుంటారు. అచ్చులో అది తలకిందులు. గీత మిగలాలంటే దాని చుట్టూ ఉన్న కర్ర పోవాలి. ఖాళీ ఎంత వెడల్పుంటే అంత లోతుగా తవ్వాలి. అద్దకపు బల్ల మీద గోనెలూ దుప్పట్లూ పరిచి ఉంటాయి. నన్ను గుద్దినప్పుడు మెత్తటి ఆ బల్ల మీద గుడ్డ ఉబ్బి నా గుంటల్లోకి చొచ్చుకొస్తుంది. గుంట లోతు చాలకపోతే అడుగునున్న తడి గుడ్డకి అంటుకుంటుంది. అందుకే నా ఒంటి మీద ఎక్కువ ఉలి దెబ్బలు తిన్నది రెక్కలూ కాదు, మొహాలూ కాదు, నడుమనున్న ఆ ఖాళీ.

పంతొమ్మిది రోజులు చెక్కారు. ఈకకి ఈక, గోరుకి గోరు. చివరికి మధ్యభాగం తవ్వుతుంటే ఉలి చప్పుడు మారింది. నాలో అక్కడ ఒక ముడి ఉంది. నేను చెట్టుగా ఉన్నప్పుడు అక్కడ కొమ్మ పుట్టబోయి ఆగిపోయింది. ముడి దగ్గర కర్ర ఇనుములా ఉంటుంది. గట్టిగా కొడితే చీలిక ఎటు పరిగెడుతుందో చెప్పలేం. రెండు మొహాలూ అప్పటికే పూర్తయి ఉన్నాయి. చారిగారు రెండు దెబ్బలు మెల్లగా వేశారు. బొటనవేలితో తడిమారు. మిగతా గుంటకన్నా అక్కడ గోరంత ఎత్తు మిగిలింది. ఇంకాసేపు చూసి, “చాల్లే,” అన్నారు.

ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

వారం రోజులు నూనెలో నానబెట్టి నన్ను నాంచారయ్య షెడ్డుకి పంపారు. నాంచారయ్య బలమైన మనిషి. ఆయన పిడికిలి పడితే బల్ల కింద నేల కూడా అదిరేది. కరక్కాయ కలిపిన పాలల్లో తడిపి ఆరబెట్టిన గుడ్డ పరిచి, నన్ను పటిక నీళ్ళ తొట్టెలో అద్ది, గుడ్డ మీద పెట్టి ధబ్బుమని గుద్దేవాడు. ఒక ముక్కలో ఇరవై ఒకటి, రెండో ముక్కలో ఇరవై ఒకటి. మధ్యమధ్యన వేరే అచ్చులతో ఖర్జూరపు చెట్లూ పూలూ. ఆ రోజు టీచరుగారు వచ్చి స్టూలు మీద కూర్చుని ప్రతి దెబ్బా విన్నది. చూడ్డానికేమీ లేదు. పటిక ముద్ర తడిగా ఉన్నంతసేపు లీలగా కనిపించి, ఆరితే మాయమవుతుంది. చిరివేరు వేసి కాగులో ఉడికించాకే ఎరుపు తేలుతుంది. ఆవిడకి బస్సు టైమైంది. “మీ చేతుల్లో పెట్టాను,” అని చెప్పి వెళ్ళిపోయింది.

రెండు రోజుల తర్వాత ఉడికించారు. ఎరుపు తేలింది. ఎంత చక్కటి ఎరుపో! రెక్కలు, గోళ్ళు, మొహాలు. ప్రతి జంట మధ్యన రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ. ముడి మీద ఆ రెండు ఉలి దెబ్బలకి పడ్డ చిన్న గుంటలు మచ్చలో రెండు తెల్లచుక్కలై కళ్ళలా నిలిచాయి. ఎక్కడ చూసినా అదే. నలభై రెండు మొహాలు.

నాంచారయ్య పొరపాటని అనుకోలేదు. సంతోషించాడు. ఇద్దరు కావలి కాస్తుంటే మధ్యన దేవుడు ఉండడా మరి? టీచరమ్మ దేవుణ్ణే వేయించుకుంది అనుకుని భక్తిగా మడతపెట్టి, ఆ ఊరు వెళ్ళేవాళ్ళెవరో ఉంటే వాళ్ళ చేతికిచ్చి పంపేశాడు. నేను షెల్ఫు మీదున్నాను. నా గొంతు ఎవరికీ వినిపించదు. అచ్చుగా పుట్టిన పాపానికి చెప్పాల్సిందంతా గుడ్డ మీదే చెప్పాలి. అక్కడ తప్పు చెప్పేశాను.

తర్వాత జరిగింది నేను చూడలేదు. పదిహేను రోజులకి పెడన వచ్చిన ఒక మనిషి నోట విన్నాను.

ఆయన పేరు తిమోతి. కొత్తలంకపాలెం సంఘపెద్ద. కాలువ లాకు దగ్గర తలుపులెత్తి దించే లస్కరుగా ముప్ఫై నాలుగేళ్ళు చేసినవాడు. భుజాలు వెడల్పు, అరచేతులు పారల్లా ఉన్నాయి. చంకలో గుడ్డమూట. నాంచారయ్య ఆయన్ని వెంటబెట్టుకుని, నన్ను కూడా పట్టుకుని, చారిగారి అరుగు మీదికి వచ్చాడు.

“ఈ తెరకి అచ్చు చెక్కింది మీరేనటగా?” అంటూ తిమోతి మూట విప్పాడు. “నాకో సంగతి చెప్పండి. వీటి మధ్యన మొహం పెట్టమని చెప్పింది ఎవరు?”

చారిగారు గుడ్డ మీదికి వంగారు. ఉడికిన తెర ఆయన చూడడం అదే మొదలు. ఒక జంట చూశారు, పక్కది చూశారు, దాని కిందది చూశారు.

“మా తాత అమ్మవారి కొలువు వదిలేసి ప్రభువు దగ్గరికొచ్చాడండీ,” తిమోతి గొంతు తగ్గించి చెప్పాడు. “ఊరు నూతి దగ్గరికి రానివ్వలేదు. రెండు కోసులు నడిచి కాలువ నీళ్ళు తెచ్చుకున్నారు మా నాయనమ్మ వాళ్ళు. ఏ రూపానికీ మొక్కం అన్న ఒక్క మాట కోసం. ఇప్పుడు మా చర్చిలో, ప్రభువు బల్లకి వెనక, నలభై రెండు మొహాలు! మధ్యలో ఎవరమ్మా అని అడిగితే హెప్సిబా టీచరు ఎవరూ లేరన్నయ్యా, అది ఖాళీ అంటుంది. అందరికీ కనపడుతుంటే! ఆవిడ జన్మలో అబద్ధం ఆడగా నేను చూళ్ళేదు. నా పిల్లలకీ, మనవలకీ ఆవిడే పాఠం చెప్పింది. కానీ కళ్ళెదుట ఉన్నదాన్ని లేదంటే ఏమనుకోను? సంగతి తేలేదాకా ఆదివారం బడి ఆపమ్మా అన్నాను. మారు మాట్లాడకుండా వెళ్ళిపోయింది. రెండు ఆదివారాలైంది, గుమ్మం దాటి బయటికి రావట్లేదు. ఈ ఆదివారం కమిటీ కూర్చుంటుంది. తెర తగలబెట్టాలనీ, ఆవిణ్ణి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం నుంచి తప్పించాలనీ అంటున్నారు. లాకు దగ్గర నీటిమట్టం చూడకుండా నేనెప్పుడూ తలుపెత్తలేదండీ. అందుకే చూసుకుందామని వచ్చాను.”

నాంచారయ్య నోరు తెరిచాడు. “అదేంటండీ, మొహం ఆవిడ వేయించుకోలేదా? నేనింకా...” అని ఆగిపోయాడు.

చారిగారు నన్ను చేతిలోకి తీసుకున్నారు. బొటనవేలు తిన్నగా ముడి మీదికి వచ్చింది. వెతుక్కోనక్కర్లేకపోయింది ఆయనకి.

ఆ కాసేపు నేను పడ్డ భయం ఏ ఉలి కిందా పడలేదు. ఆయన ఒక్క మాట అంటే చాలు. ఆవిడ గీసిచ్చినట్టే చెక్కాను అని. కాగితం ఎప్పుడో చిరిగిపోయింది. ఎవరూ కాదనలేరు. పెడనంతా ఆయన చేతిలో గీత తప్పదని చెప్పుకునే మాట అలాగే నిలిచి ఉండేది. ఎక్కడో కొత్తలంకపాలెంలో ఒక పెద్దావిడ ఇంట్లోంచి బయటికి రాకుండా ఉండిపోయేది.

“తప్పు నాదండీ,” అన్నారు చారిగారు.

తిమోతికి అర్థం కాలేదు. చారిగారు నన్ను ఆయన ముందు పెట్టి, ఆయన వేలు పట్టుకుని గుంటలో పెట్టారు. “ఇక్కడ లోతు చూడండి. ఇదిగో ఇక్కడ ఎత్తు తగిలిందా? అది కర్రలో ముడి. గట్టిగా కొడితే చీలుతుందని భయపడి వదిలేశాను. గుడ్డ దానికి తగిలి మచ్చ పడింది. అది మొహం కాదు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చెక్కలేదు. ఆవిడ నాకు చెప్పిందల్లా ఒక్కటే, మధ్యన చుక్క కూడా పడకూడదని. నలభై ఏళ్ళ నుంచి చెక్కుతున్నాను, ఖాళీ కోసం ఇంతగా చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. నేను చాల్లే అనుకున్నాను.”

“మరి ఆవిడ లేదంటుందే! కనపడలేదా?”

“ఆవిడ అరుగు అంచునే గొడుగుతో వెతుక్కుందండీ,” అన్నారు చారిగారు. “మీరెవరూ గమనించలేదా?”

తిమోతి పెద్ద అరచేతులు మోకాళ్ళ మీద ఆనించాడు. “పాఠం చూడకుండానే చెబుతుంది,” అన్నాడు. “అన్నీ కంఠతా వచ్చు. అందుకని మాకు తెలీలేదు.” తెర మీద చెయ్యి వేసి, “ఇంకేం చెప్పింది మీకు? ఈ బొమ్మల గురించి?” అని అడిగాడు.

చారిగారు తనకి గుర్తున్నట్టు చెప్పారు. తోట సంగతి, గోడల మీద చెట్లూ పూలూ, బొమ్మలేని పీఠం. ఆయన మతం కాదు, ఆయన గ్రంథం కాదు. అయినా పంతొమ్మిది రోజులు చేత్తో చెక్కిన మాటలు కాబట్టి తప్పుపోలేదు. కావలి ఉందంటే వాకిలి అక్కడేనని టీచరుగారు అన్నట్టు చెప్పగానే తిమోతి చటుక్కున తలెత్తాడు.

“లాకు దగ్గర మేమూ అంతేగా!” అన్నాడు. “అడ్డంగా కట్టిన తలుపు చూసి కొత్త పడవవాళ్ళు కేకలేసేవాళ్ళు, దారి మూశారని. దారి అక్కడే కాబట్టి నన్నక్కడ పెట్టారని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు.” కళ్ళు తుడుచుకున్నాడు. “ఆ కెరూబుల అధ్యాయాలు నేను చాలాసార్లు చదివానండీ. మూరలూ కొలతలూ ఉన్నచోట గబగబా దాటేసేవాణ్ణి. బొమ్మలు వద్దన్నవాడే వీటిని చేయించాడంటే ఎందుకని ఎప్పుడూ ఆగి ఆలోచించలేదు.”

“చర్చి ప్రతిష్ఠ ఎప్పుడండీ?” అని అడిగారు చారిగారు.

“ఎనిమిది రోజులుంది.”

“ముడి తీసేస్తాను. చీలితే నా ఖర్మ. నాంచారయ్యా, గుడ్డ తడిపి ఉంచు.”

ఈసారి ఆయన ఉలి ఎత్తలేదు. బరమా తీశారు. ముడి చుట్టూ సన్నటి బెజ్జాలు వేసి, దాన్ని కొద్దికొద్దిగా విడదీయాలని ఆయన ఆలోచన. దిమ్మ వెంట్రుకవాసి కదిలినా బరమా పక్కకి జారుతుంది. “గట్టిగా పట్టుకునేవాళ్ళు కావాలి,” అన్నారు. తిమోతి కండువా పక్కన పెట్టి నన్ను రెండు చేతులా పట్టుకున్నాడు. లాకు తలుపులు తిప్పిన ఆ చేతుల మధ్య నేను కదలమన్నా కదల్లేకపోయాను. నా ముద్రల్ని చూసి తట్టుకోలేక వచ్చిన మనిషి నన్ను పొదివి పట్టుకున్నాడు. బొమ్మలు చెక్కి బతికే మనిషి నాలోంచి బొమ్మ కాని బొమ్మని తవ్వి తీస్తున్నాడు. మనుషులు ఒకరి పని ఒకరు ఇంత చక్కగా చేసిపెట్టడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఎండ అరుగు దాటి వీధిలోకి జరిగింది. ఒకసారి నాలో టప్పుమని చప్పుడైంది. చారిగారు చెవి దగ్గర పెట్టుకుని నన్ను గోటితో మీటారు. “చీల్లేదు,” అన్నారు. మరికాసేపటికి ముడి రూపాయి బిళ్ళంత ముక్కై ఊడి కింద పడింది. నాంచారయ్య దాన్ని తీసి పరీక్షగా చూసి, “ఇంతదానికా!” అన్నాడు.

కొత్త గుడ్డ మీద మళ్ళీ నలభై రెండు దెబ్బలు వేశారు. ఉడికించే రోజు పొద్దున తిమోతి వచ్చాడు. వెనకాల గొడుగు పట్టుకుని హెప్సిబా టీచరుగారు. నెలలోనే సగమైపోయింది. చారిగారు ఎదురెళ్ళి చేతులు జోడించారు.

“నా చేతకానితనానికి మీరు మాట పడ్డారు, టీచరుగారూ.”

“ఊరుకోండి,” అందావిడ. “నాకు దిగులు మాట పడ్డందుకు కాదు. అందరూ మొహం ఉందంటున్నారు, నాకు కనపడట్లేదు. కళ్ళు పోతున్నాయని తెలుసు. కానీ నేనే ఎప్పుడైనా చెక్కమని చెప్పి మర్చిపోయానేమో, బుద్ధి కూడా పోతోందేమో అని భయపడ్డాను. రెండు వారాలు అదే భయం. పెడన నుంచి వచ్చిన రోజే తిమోతన్నయ్య గుమ్మంలో నిలబడి, అమ్మా, నీ బుద్ధి నిక్షేపంగా ఉంది, మా కళ్ళే సరిగా లేవు అన్నాడు చూడండి, అప్పుడు కూర్చుని కడుపునిండా అన్నం తిన్నాను.”

కాగు కింద మంట ఎగసింది. నాంచారయ్య పెద్ద కర్రతో గుడ్డని తిప్పుతున్నాడు. నీళ్ళు ఎర్రగా మసులుతున్నాయి. ఆవిరిలో ఏదీ కనిపించడం లేదు. తిమోతి ఒక వైపు, చారిగారు ఒక వైపు తొంగి చూస్తున్నారు. టీచరుగారు మాత్రం స్టూలు మీద కూర్చుని గొడుగు పిడి గట్టిగా పట్టుకుంది. నాంచారయ్య ఒక కొస పైకి లేపాడు. నీళ్ళు ధారగా కారాయి. రెక్కలొచ్చాయి, గోళ్ళొచ్చాయి. మధ్యభాగం ఇంకా మడతలోనే ఉంది. తిమోతి ఉండబట్టలేక కాలే గుడ్డని చేత్తో లాగి విప్పాడు.

తెల్లగా ఉంది. అక్కడ చుక్క లేదు.

నాంచారయ్య, “ఇంకోటి చూడండి, ఇంకోటి,” అంటూ మూరల కొద్దీ పైకి లాగాడు. ఒకటి తర్వాత ఒకటి. అన్నీ తెల్లగానే ఉన్నాయి. తిమోతి కాలిన వేళ్ళు ఊదుకుంటూ టీచరుగారి దగ్గరికెళ్ళి, “ఖాళీయేనమ్మా,” అన్నాడు. “నువ్వు చెప్పినట్టే ఖాళీ.” ఆవిడ కళ్ళద్దాలు తీసి మొహం కొంగుతో తుడుచుకుంది. అది ఆవిరో, కన్నీళ్ళో నాకు తెలియదు. షెల్ఫు మీదున్న నాకు మాత్రం పిడి దాకా హాయిగా అనిపించింది. నా వల్ల పోయిన మాట నా వల్లే తిరిగొచ్చింది.

ముడి సంగతి విని కమిటీ పట్టు వదిలేసిందట. ప్రతిష్ఠ రోజున తిమోతి ఆరాధనలో లేచి నిలబడి అంతా చెప్పాడట. తాను తొందరపడ్డానని, అందరి ముందూ టీచరుగారిని మన్నించమని అడిగాడట. ఆవిడ, “కూర్చో అన్నయ్యా, పాట మొదలుపెట్టాలి,” అందట. ఆ నెల్లోనే ఆయనా, ఆయన భార్యా ఆవిణ్ణి బందరు తీసుకెళ్ళి కళ్ళ ఆపరేషను చేయించారు. ఆదివారం బడి మళ్ళీ మొదలైంది. పిల్లలతోపాటు వెనక బెంచీలో తిమోతి కూడా కూర్చుంటున్నాడని ఆవిడే నవ్వుతూ చెప్పింది.

నేను నాంచారయ్య షెడ్డులోనే ఉండిపోయాను. రెండేళ్ళు ఖాళీగా ఉన్నాను. ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన షాపువాళ్ళు నన్ను చూసి, రెక్కల సింహాలు బాగున్నాయి, దుప్పట్ల మీద వేసిపెట్టమన్నారు. నాంచారయ్య ఆశపడ్డాడు. చారిగారు ఒప్పుకోలేదు. “దేవుడి తెర మీదవి. జనం కాళ్ళ కింద, తలకింద పడేసుకుంటారు. టీచరుగారిని అడగందే వీల్లేదు,” అన్నారు.

కబురు పెడితే టీచరుగారూ, తిమోతీ ఇద్దరూ వచ్చారు. షెడ్డులో ఆ బల్ల దగ్గరే నిలబడి చారిగారు సంగతంతా చెప్పారు. తిమోతి ఆవిడ వైపు చూశాడు. అలాంటి విషయాల్లో తొందరపడి మాట్లాడడం ఆయన మానేశాడు. టీచరుగారు నన్ను చేతిలోకి తీసుకుని, కొత్త కళ్ళద్దాల్లోంచి ఒక కెరూబునీ, రెండో కెరూబునీ తీరిగ్గా చూసింది.

“వేయండి చారిగారూ,” అంది. “నిద్రపోయేవాళ్ళకి కావలి ఉంటే మంచిదేగా.”

అందరికన్నా ముందు తిమోతి నవ్వాడు. మర్నాటి నుంచి నాకు ఊపిరాడనంత పని.